గైడు పుస్తకాల్లో లేని మన రాష్ట్రం
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 ఎందుకు మన పండుగ అయిందో చాలామందికి తెలుసు. తెలియని పిల్లల కోసం ఒక్క మాట. ఆదివాసుల సమస్యలపై ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం 1982లో మొదటిసారి కూర్చున్న రోజు ఇది. ఆ గుర్తుగా 1994లో ఈ తేదీని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. ప్రతి ఏడూ ఈ రోజున థింసా ఆడతాం, విల్లమ్ములు పట్టుకుని ఫొటోలు దిగుతాం, సాయంత్రానికి బస్సెక్కుతాం. అవీ కావాల్సిందే, వద్దనడం లేదు. ఈసారి మాత్రం ఒక అరగంట చదువు సంగతి మాట్లాడుకుందాం.

మీలో చాలామంది డీఎస్సీకో, గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో కూర్చుంటున్నారు. మీరు చదివే గైడు పుస్తకాలు మేమూ తెప్పించుకుని నాలుగు రోజులు తిరగేశాం. ఆంధ్రప్రదేశ్ చరిత్ర, భూగోళం, సంస్కృతి, సినిమా, అన్నీ బిట్లు బిట్లుగా ఉన్నాయి. ఎత్తయిన శిఖరం ఏది, బొర్రా గుహలను కనుగొన్నది ఎవరు, తెలుగు భాషా దినోత్సవం ఎప్పుడు, తొలి సినిమాస్కోప్ చిత్రం ఏది, ఇలాగ. జవాబులు చాలావరకు సరైనవే, పరీక్షలో మార్కులూ వస్తాయి. కాకపోతే ఒక్కో బిట్టు వెనక మన కొండ ఉంది, మన జనం ఉన్నారు. ఆ భాగం పుస్తకంలో లేదు. ఆ భాగమే ఇవాళ చెప్పుకుందాం.

బొర్రా గుహలతో మొదలుపెడదాం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1807లో వీటిని కనుగొన్నాడని దాదాపు ప్రతి గైడులో ఉంటుంది, పర్యాటకుల కోసం రాసే వ్యాసాల్లోనూ ఉంటుంది. ఇప్పుడు మీరే లెక్క కట్టండి. ఆ సంస్థ పుట్టింది 1851లో. సంస్థే లేని 1807లో దాని ఉద్యోగి వచ్చి గుహ ఎలా కనుక్కుంటాడు? విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ సంస్థలో పనిచేసిన మాట నిజం. అది పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో. ఎవరో ఒకరు ఎక్కడో 1807 అని రాశారు, తరవాత వాళ్ళంతా దాన్నే ఎక్కించుకుంటూ పోయారు. పరీక్షలో ఆ బిట్టు వస్తే వాళ్ళడిగిన జవాబే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు. మనసులో మాత్రం ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఆ ఊళ్ళో పెద్దల కథ వేరు. మేత మేస్తున్న ఆవు పైనున్న కన్నంలోంచి లోపల పడిందని, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగంలాంటి రాయి కనిపించిందని చెబుతారు. ఆ కథలో తేదీ లేదు, దొర పేరు లేదు. ఆవు ఉంది, దాని వెనక వెళ్ళినవాడు ఉన్నాడు. ఆ రెండింట్లో ఏది నమ్మాలో మీ ఇష్టం. మాకైతే కాపరి మీదే గురి.

అదే బొర్రా పంచాయతీ పేరు మరో చోట కూడా ఉంది. అది టూరిజం బోర్డు మీద కనిపించదు. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో గిరిజనేతరులకు ఖనిజాల తవ్వకానికి లీజులు ఇచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్ళింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదన్న నిబంధన మామూలు మనుషులతో పాటు ప్రభుత్వానికీ వర్తిస్తుందని కోర్టు తేల్చింది. అంటే ప్రభుత్వ భూమే అయినా సరే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే ప్రైవేటు కంపెనీకి గనుల లీజుగా ఇవ్వడం చెల్లదు. దేశంలో ఎక్కడ ఆదివాసీ భూమి కేసు నడిచినా లాయర్లు ఈ సమత తీర్పును ఎత్తుతారు. జార్ఖండ్‌లో ఎత్తుతారు, ఒడిశాలో ఎత్తుతారు. ఆ తీర్పు మన బొర్రా మట్టిలోంచి పుట్టింది. 'బొర్రా గుహలు ఎక్కడ ఉన్నాయి?' అని బిట్టు ఉంది గాని, 'సమత తీర్పు ఏ పంచాయతీ భూముల గురించి వచ్చింది?' అనే బిట్టు మాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

ఇక భూగోళం. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తయిన కొండ ఏదంటే పాత పుస్తకాల్లో మహేంద్రగిరి అని ఉండేది. అది 1,501 మీటర్లు, పైగా ఒడిశాలో ఉంది. ఇప్పటి పుస్తకాలు పాడేరు వైపున్న అర్మకొండ పేరు చెబుతున్నాయి, ఎత్తు సుమారు 1,680 మీటర్లు. సీతమ్మకొండ అని కూడా అంటారు. ఆ చుట్టుపక్కల వాళ్ళకు అది ఎత్తని ఎవరూ కొలిచి చెప్పనక్కర్లేదు. కట్టెలమోపుతో ఎక్కి దిగేవాళ్ళకు మోకాళ్ళు చెబుతాయి.

ఎత్తు కన్నా మనకు ముఖ్యమైనది నీరు. బొర్రా దగ్గర పుట్టిన గోస్తని భీమిలి దాకా పోతుంది, దారిలో తాటిపూడి జలాశయం నింపుతుంది. శారద తూర్పు కనుమల్లో పుట్టి మన అనకాపల్లి చెరకు తోటల్లోకి వస్తుంది. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటని మన ఊరికి పేరు. ఆ బెల్లం తీపిలో కొండ నీళ్ళున్నాయి. రైవాడ జలాశయం దేవరాపల్లి మండలంలో ఉంది, ఆ నీళ్ళు విశాఖపట్నం కుళాయిల్లోకి వెళ్తాయి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది, లక్క బొమ్మల ఊరు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ బొమ్మలు చెక్కేది అంకుడు కర్రతో, రంగు పట్టించేది లక్కతో. ఆ కర్రా అడవిదే, ఆ లక్కా అడవిదే. ఇన్ని ఊళ్ళకు నీళ్ళూ కర్రా పంపే కొండ మీద, ఎండాకాలం వస్తే మన అమ్మలు చెలమ తవ్వుకుని చెంబుతో తోడుకునే గూడేలు ఇంకా ఉన్నాయి. ఎక్కడున్నాయో మీకు తెలుసు, మీరు అక్కణ్ణుంచే వచ్చారు.

రైలు సంగతి, కాఫీ సంగతి త్వరగా చెప్పి ముందుకెళ్తాం. కొత్తవలస - కిరండూల్ లైను వేసింది మనల్ని అరకు తీసుకెళ్ళడానికి కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాను పంపడానికి 1960ల్లో వేశారు. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషను పేరు చాలాకాలం బిట్ల పుస్తకాల్లో నిలిచింది. కాఫీని 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయలో ఇంగ్లీషువాళ్ళు తొలిసారి వేశారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన మొక్కకు ఇవాళ పేరు తెచ్చింది మాత్రం మన రైతులే.

భాష దగ్గర కొంచెం ఆగుదాం. బళ్ళో మన పిల్లలు తెలుగు సరిగా పలకకపోతే నవ్వడం మనందరం చూశాం. ఇప్పుడు వినండి. తెలుగుకు దగ్గర చుట్టం ఎవరంటే తమిళం అనో, కన్నడం అనో చెబుతారు. లిపి చూస్తే అలాగే అనిపిస్తుంది. భాషా శాస్త్రవేత్తల లెక్క వేరు. ద్రావిడ కుటుంబంలో తెలుగు ఉన్న శాఖలో గోండీ, కొండ, కుయి, కువి ఉన్నాయి. తమిళ కన్నడాలు వేరే శాఖ. అంటే కోందులు ఇంట్లో మాట్లాడే కువి, కొండదొరల కొండ భాష తెలుగుకు తోబుట్టువుల్లాంటివి. ఒక్క మాట చాలు: తెలుగులో 'ఏరు' అంటే పారే నీళ్ళు. కొండ భాషలో 'ఏరు' అంటే నీళ్ళే. గోండీలో కూడా దాదాపు అదే మాట. పెద్ద పండితుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాషను నేర్చుకుని, 1969లో దాని వ్యాకరణాన్ని పుస్తకంగా వేశారు. కొండదొరల మాట విని రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా ద్రావిడ భాషలు చదివేవాళ్ళు తిరగేశారు.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన మహానుభావుడని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. ఆయన చేసిన ఇంకో పని ఒక్క ముక్కలో దాటేస్తారు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ ఆయన సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువులు తయారు చేశారు, సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. మనిషి నోట్లో ఉన్న మాటకే విలువ అని ఆయన తెలుగు పండితులతో వాదించేనాటికి, సవరల ఇళ్ళ ముందు కూర్చుని ఎన్నో ఏళ్ళు విని ఉన్నారు. ఈ రెండు పనులకూ సంబంధం లేదంటే మేం నమ్మలేం. ఇంకో సంగతి: సవర తెలుగు కుటుంబానికి చెందినది కాదు, ముండా కుటుంబంలోది. ఆ భాషకు 1936లో మంగేయి గొమాంగో సొంత లిపి తయారు చేశారు. మన భాషలకు లిపి లేదని ఎవరైనా తేలిగ్గా అంటే ఈ పేరు చెప్పండి.

ఇప్పుడు సినిమా. మీ అందరికీ ఇష్టమైన అధ్యాయం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 మే 1న వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. కృష్ణ గారి నూరో సినిమా. మన చింతపల్లి అడవుల్లో తీశారు. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చింది, మరుసటి ఏడు ఆస్కార్ కూడా వచ్చింది. చాలా సంతోషం, మేమూ ఈలలు వేశాం. ఆ సినిమాలో అల్లూరి, కొమురం భీమ్ కలిసి నాట్యం చేస్తారు. చరిత్రలో వాళ్ళిద్దరూ కలిసినట్టు ఎక్కడా లేదు. అల్లూరి 1924లో ఇక్కడ చనిపోయారు. గోండు వీరుడు భీమ్ 1940లో ఆదిలాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర నైజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. కల్పన అని సినిమా వాళ్ళే చెప్పారు గనుక దాంతో పేచీ లేదు.

మా పేచీ వేరే ఉంది. కొండ అంటే సినిమాకు సెట్టింగు, మనం అంటే వెనక వరసలో ఈటె పట్టుకుని నిలబడే గుంపు. అల్లూరి క్షత్రియుల ఇంట 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టారు. మన కోసం ప్రాణం ఇచ్చారు. దానికి మనం తరతరాలు దండం పెడతాం. అయితే ఆయన వెంట నడిచినవాళ్ళ పేర్లు మీలో ఎంతమంది చెప్పగలరు? చేతులెత్తండి చూద్దాం. గాము గంటందొర, గాము మల్లుదొర... బాగుంది, రెండు పేర్లు వచ్చాయి. గోకిరి ఎర్రేసు? కంకిపాటి పడాలు? బోనంగి పండుపడాలు?

ఆ పోరాటం ఎందుకొచ్చిందో పూర్తిగా చెప్పాలంటే 'ఏజెన్సీ' అనే మాట దగ్గర మొదలుపెట్టాలి. మనం రోజూ వాడతాం, ఏజెన్సీ వెళ్ళాం, ఏజెన్సీ నుంచి వచ్చాం అని. గ్యాస్ ఏజెన్సీ లాంటిదేనా ఇది? కాదు. 1830ల్లో గంజాం, విశాఖపట్నం కొండల్లో జనం తిరగబడితే కుంపిణీ ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. ఆ తరవాత 1839లో ఒక చట్టం తెచ్చింది. మామూలు కోర్టులు, మామూలు చట్టాలు ఈ కొండలకు వర్తించవు, కలెక్టరే గవర్నరుకు 'ఏజెంటు'గా ఉండి పాలిస్తాడు అని. ఆ ఏజెంటు చేతికింద ఉన్న నేల గనుక ఏజెన్సీ. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది, 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు అయింది. మనల్ని అదుపులో పెట్టడానికి గీసిన గీతే తరవాత మన భూమికి కంచె అయింది. చరిత్రలో ఇలాంటివి జరుగుతుంటాయి. ఈ గీత సంగతి మరిచిపోకండి, చివర్లో మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

గీత గీశాక కొండ ఊరుకోలేదు. 1879లో రంప మండింది. కారణం వింటే నవ్వొస్తుంది, తరవాత కోపమొస్తుంది. జీలుగు చెట్టు, తాటి చెట్టు కల్లు మీద పన్ను. ఇంట్లో తాగే కల్లుకు 'చిగురు పన్ను' అని వసూలు చేశారు, కల్లు గీసే హక్కును కింది నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకు పాడేశారు. కల్లు అంటే మనకు ఎండాకాలంలో సగం తిండి. ద్వారబంధాల చంద్రయ్య లాంటి నాయకులు లేచారు. తిరుగుబాటు గొలుగొండ కొండలకూ పాకింది. మద్రాసు సైన్యం నుంచి పటాలాలు దించితే గాని అణగలేదు. 1882లో అటవీ చట్టం వచ్చింది, పోడు నేరమైంది. ఆ మీదట గూడెంలో నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయడానికి మన వాళ్ళను వెట్టికి పట్టారు. అప్పటి తహసీల్దారు బాస్టియన్ పేరు తలుచుకుంటే అక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ ఉమ్మేస్తారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కొట్టారు. ముందు నడుస్తున్న మన దేశపు పోలీసులను వదిలేసి, వెనక వచ్చే దొరలను గురిపెట్టారంటే ఆ అడవి దారి, ఆ మలుపు తెలిసిన కళ్ళు ఎవరివో ఆలోచించండి. దాదాపు రెండేళ్ళు ఆ పోరాటానికి తిండి పెట్టింది, దాచింది, కబురు మోసింది మన గూడేలు. అందుకు ఊళ్ళకు ఊళ్ళు దండగ పన్ను కట్టాయి. 1924 మే 7న అల్లూరిని చంపారు. మరుసటి నెలలో గంటందొరను చంపారు.

మల్లుదొర మిగిలాడు. పట్టుబడి, అండమాన్ జైలుకు వెళ్ళి, బతికి వచ్చాడు. ఇక్కడితో కథ అయిపోలేదు. 1952లో దేశానికి మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికలు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరు ఎంపీలు ఎన్నికయ్యేవారు. విశాఖపట్నం నుంచి ఒకరు లంకా సుందరం గారు. రెండోవారు గాము మల్లుదొర. ఇంగ్లీషువాళ్ళు ఖైదీగా సముద్రం దాటించిన మనిషి, ఆ ఇంగ్లీషువాళ్ళు కట్టి వదిలేసిన పార్లమెంటు భవనంలో సభ్యుడిగా కూర్చున్నాడు. తొలి లోక్‌సభలో. ఈ ఒక్క జీవితం చాలు ఒక సినిమాకు, స్కోప్‌లో తీయొచ్చు. ఇంతవరకు అలాంటి సినిమా మేం చూడలేదు. మీలో కెమెరా ఫోన్లున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ పని మొదలుపెట్టడానికి హైదరాబాదు వెళ్ళక్కర్లేదు.

థింసా గురించి కూడా ఒక మాట, లేకపోతే ఆడపిల్లలు ఒప్పుకోరు. హోటళ్ళ ముందు పది నిమిషాలు ఆడేది చూసి థింసా అంటే ఒకే నాట్యం అనుకుంటున్నారు. బోడ థింసా గ్రామదేవత కోసం. పొతర్ తోల థింసా ఆకులు ఏరడం. భాగ్ థింసా పులి నుంచి తప్పించుకోవడం. గుండెరి, గొడ్డి బేట, నాటికారి, కుండ, బాయ, ఇలా ఒక్కోదానికి ఒక్కో అడుగు, ఒక్కో సందర్భం. ఇవన్నీ ఆడగలిగిన అవ్వలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళ అడుగు వీడియో తీసి పెట్టుకోండి, పేరుతో సహా.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. ఈ ప్రసంగమంతా దీని కోసమే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు పేరిట ఒక జిల్లా వచ్చింది, మనకు అనకాపల్లి జిల్లా వచ్చింది. అల్లూరి సమాధి ఎక్కడుంది? గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో. అంటే అనకాపల్లి జిల్లాలో. పుట్టిన పాండ్రంగి విశాఖపట్నం జిల్లాలో ఉంది. పేరేమో ఒక జిల్లాకు, పుట్టుక ఇంకో జిల్లాకు, సమాధి మన జిల్లాకు. ఇది చిన్న విచిత్రమే. అసలు విచిత్రం ఇంకా ఉంది.

1950 జనవరి 26న షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వు వచ్చినప్పుడు విశాఖపట్నం ఏజెన్సీ మొత్తం అందులో ఉంది. 1951లో ఇంకో ఉత్తర్వు వచ్చి అందులోంచి కొన్ని ఊళ్ళను తీసేసింది. పేర్లు చదువుతాం, వినండి: ఏజెన్సీ లక్ష్మీపురం, చీడికాడ, కొంకసింగి, కుమారపురం, కృష్ణదేవిపేట, పిచ్చిగంటి కొత్తగూడెం, గొలుగొండపేట, గునుపూడి, గుమ్ముడుకొండ, సరభూపాలపట్నం, వడురుపల్లి, పెదజగ్గంపేట. పన్నెండు. 1955లో మరో మూడు అగ్రహారాలను తీశారు. విన్నారా? పోలీసు స్టేషను మీద దాడి జరిగిన కృష్ణదేవిపేట, అల్లూరిని పూడ్చిన కృష్ణదేవిపేట, ఆయన చనిపోయిన ఇరవై ఏడేళ్ళకు షెడ్యూల్డ్ ప్రాంతం కాకుండా పోయింది. పేరులోనే 'ఏజెన్సీ' ఉన్న లక్ష్మీపురం ఏజెన్సీలో లేదు!

వీటితో పాటు దేవరాపల్లి, చీడికాడ, మాడుగుల, రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం మండలాల కొండ అంచుల్లో ఉన్న మన గూడేలు చాలావరకు ఆ గీతకు ఇవతలే పడ్డాయి. అక్కడ ఉండేది కొండదొరలే, కోందులే, వాల్మీకులే, భగతలే, గదబలే. కొండ మీద ఉన్న మేనమామ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటాడు, కొండ కింద ఉన్న మేనల్లుడు ఉండడు. ఇద్దరి ఎస్టీ సర్టిఫికెట్టు ఒకటే. ఇద్దరి భూమికి ఉన్న రక్షణ మాత్రం ఒకటి కాదు.

ఏమిటి తేడా? మేనమామ భూమిని గిరిజనేతరుడు కొంటే చెల్లదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరిచిన 1970 సవరణ, అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం, అక్కడ కాపలా ఉంది. పెసా చట్టం కింద గ్రామసభకు అధికారాలున్నాయి. సమత తీర్పు ఉంది. మేనల్లుడికి ఈ మూడూ లేవు. తాత నాటిన జీడిమామిడి తోట ఎవరి పేరనో రికార్డుల్లోకి ఎక్కితే అడ్డుకోవడానికి వన్ ఆఫ్ సెవెంటీ అని అరిచి లాభం లేదు. అనవసరంగా ఆ చట్టం పట్టుకుని తిరిగి ఏళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలను మేం చూశాం. ఏ ఊరు గీతకు ఏ పక్కన ఉందో ముందే తెలిసి ఉంటే వేరే దారి వెతుక్కునేవారు.

దారులు లేకపోలేదు. అయిదో షెడ్యూలు ఆరో పేరా ప్రకారం రాష్ట్రపతి, గవర్నరుతో సంప్రదించి, షెడ్యూల్డ్ ప్రాంతం విస్తీర్ణాన్ని పెంచవచ్చు. తీసేసిన ఊళ్ళను మళ్ళీ కలపమని, ఎప్పుడూ కలపని గూడేలను కలపమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, రాజ్యాంగంలో రాసి ఉన్న దారి. అది పొడవైన దారి. గిరిజన సలహా మండలి, రాష్ట్ర ప్రభుత్వం, గవర్నరు, ఢిల్లీ. ఏళ్ళు పడుతుంది. అడగడం మానకూడదు.

రెండోది దగ్గరి దారి. 2006 నాటి అటవీ హక్కుల చట్టానికి ఈ గీతతో పని లేదు. షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అని అది అడగదు, అటవీ భూమా కాదా అని మాత్రమే అడుగుతుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఎస్టీ కుటుంబానికి, నిజంగా సాగులో ఉన్నంత మేర, నాలుగు హెక్టార్ల దాకా హక్కు పత్రం రావాలి. అది భార్యాభర్తలిద్దరి పేరా రావాలి. అమ్మడానికి వీల్లేదు, పిల్లలకు వస్తుంది. దరఖాస్తు ముందు గ్రామసభకు, అటవీ హక్కుల కమిటీకి పెట్టాలి. ఆధారాలు కనీసం రెండు కావాలి. కాగితం లేదని చాలామంది వెనక్కి వచ్చేస్తున్నారు. దరఖాస్తు పెట్టినవాళ్ళు కాకుండా ఊళ్ళో ఉన్న వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ ఆధారమే అని నియమాల్లో ఉంది. పాత గట్లు, బావులు, సమాధులు, దేవతల చోట్లు కూడా ఆధారాలే. పైకమిటీ తిరస్కరిస్తే ఎందుకో రాసి చెప్పాలి, అరవై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. చేపలు, ఆకులు, వెదురు, అడ్డాకు, తేనె, మేత, వీటికి ఊరు మొత్తానికి కలిపి సామూహిక హక్కు కూడా అడగొచ్చు. దాన్ని మన జిల్లాలో చాలా ఊళ్ళు అడగనే లేదు.

ఇందులో పెద్దల మాట రాసి పెట్టే పని మీది. మీ ఊళ్ళో ఎనభై దాటిన తాతయ్యలు, అవ్వలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఏ తోట ఎవరు కొట్టారు, ఏ గెడ్డ పక్కన పోడు చేశారు, ఏ ఏడు కరువొచ్చింది అన్నది వాళ్ళ నోట్లోనే ఉంది. రేపు ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి. వాళ్ళు కువిలో చెబితే కువిలోనే రాసుకోండి, తెలుగు లిపిలో, ఆ తరవాత తెలుగు చేద్దురు గాని. తేదీ వేయండి, వేలిముద్ర తీసుకోండి, పక్కన ఇద్దరి సంతకాలు పెట్టించండి.

తీసేసిన ఊళ్ళ జాబితా, అటవీ హక్కుల దరఖాస్తు నమూనాలు భోజనాల పందిరి పక్కన బల్ల మీద పెట్టాం. మండలాల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. నాతవరం, గొలుగొండ వాళ్ళు ముందు రండి, మీకు బస్సు నాలుగింటికే.